నాలుగు వాట్లాయన

మెట్లెక్కుతుంటే పైన ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు.

మొదటి అంతస్తు మలుపు దగ్గర ఆగిపోయాను. కమాను తీగను తాకడానికి ముందు ఒక చిన్న ఊపిరి వినిపించింది. ఆ ఊపిరి తర్వాతే స్వరం మొదలైంది. గట్టిగా లేదు. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నారని తెలిసిన మనిషి వాయిస్తున్నట్టుంది. రెండో అంతస్తులో తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల వయొలిన్ లేదు, వాయించే మనిషీ లేడు. మూలన ఛాతీ ఎత్తు చెక్కపెట్టె ఒకటి, దానికి ఎదురుగా కిటికీ పక్కన చేతుల కుర్చీ, కుర్చీలో అటువైపు తిరిగి కూర్చున్న సన్నటి మనిషి. నేను గొంతు సవరించుకోబోయేసరికి ఆయన వెనక్కి చూడకుండానే చెయ్యెత్తాడు, ఆగమని. పాట అయ్యేదాకా ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది.

నేను పనిచేసే లైబ్రరీ గోదాములో, విరిగిన బల్లల కింద, పాతకాలం మైకుపెట్టె దొరికింది. అందులో ఉన్న గాజు వాల్వు ఎవరికైనా పనికొస్తుందేమోనని అడిగితే అందరూ ఈ ఇల్లే చూపించారు. ఆయన దాన్ని నా చేతిలోంచి పిట్టపిల్లను అందుకున్నట్టు అందుకున్నాడు. కిటికీ వెలుతురులో పైకెత్తి చూశాడు.

"కొన దగ్గర వెండి మెరుపు కనిపిస్తోందా? అది తెల్లబడితే లోపలికి గాలి చొరబడినట్టు. చచ్చినట్టే. ఇది బతికే ఉంది."

"ఎన్నేళ్లదై ఉంటుంది?"

"నాకంటే పెద్దది. కింది పిన్నులు, అదే పళ్లు, ఒక్కటీ ఊడలేదు చూడండి, నాలా కాదు" అని, ఊడిన పన్ను చోటు కనిపించేలా నవ్వాడు.

ఆయన సినిమాహాల్లో ఆపరేటరు. ముప్పై ఒక్క ఏళ్లు యంత్రాల గదిలో, అరచేతి వెడల్పు అద్దం వెనక నిలబడి సినిమాలు ఆడించాడు. హాలు వాళ్లు పాత వాల్వుల సామాను పీకేసి కొత్తది పెట్టిన రోజున, ఆవల పారేసిన ఇనుములోంచి ఒక స్పీకరు, కొన్ని వాల్వులు, బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఒకటి గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. వాటితో తనే ఒక చిన్న ఆంప్లిఫయరు కట్టుకున్నాడు. అన్నం డబ్బా అంత ఇనుపపెట్టె, పైన నాలుగు గాజు గొట్టాలు. స్విచ్చి వేస్తే వెంటనే పలకదు. గాజు లోపల ముందు ఒక ఎర్రటి దారం మెరుస్తుంది, అది నారింజరంగుకు తిరుగుతుంది, నిమిషం తర్వాత గదిలోకి ఎవరో అడుగుపెట్టినట్టు చిన్న అలికిడి. అప్పుడు రికార్డు మీద ముల్లు దించాలి.

దాని బలం మొత్తం నాలుగు వాట్లు.

"నాలుగు వాట్లు చాలా?" అన్నాను.

"నాలుగు ఎప్పుడు వాడాను? మీరు విన్నది అరవాటు కూడా లేదు. ఆ చెక్కపెట్టెలో స్పీకరు కాగితం ఊదితే కదులుతుంది. బాగా వినడానికి బలం అక్కర్లేదు మాస్టారూ. తేలిగ్గా కదిలే కాగితం ఉండాలి. నోరు మూసుకునే మనుషులు ఉండాలి."

అంతలో తలుపు దగ్గర ఒక గొంతు, "ఆ మనిషిని నేనే" అంది.

ఆయన భార్య. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో గోడ పట్టుకుని నిలబడింది. మెడలో కొలతల టేపు, జాకెట్టు అంచుకు గుచ్చిన రెండు సూదులు. కింద మెట్ల సందులో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుందని నేను వస్తూ చూశాను. అడ్డంగా వేసిన గోనెపట్టా, దాని వెనక బల్బు, తొక్కే చప్పుడు.

"నాలుగు వాట్లాయన అని పేరు పెట్టింది కూడా నేనే తమ్ముడూ. వీధి వీధంతా అదే పిలుపు. గుడ్డి బల్బుకైనా పదిహేను వాట్లుంటాయి. మా ఆయన పౌరుషం నాలుగే."

"పని లేదా నీకు?" అన్నాడాయన.

"ఉంది కాబట్టే మోకాళ్లు పోయాయి. ఈయనకి చీమ దగ్గినా వినిపిస్తుంది తమ్ముడూ. నేను పిలిస్తే తప్ప."

తమ్ముడూ అంది కాబట్టి ఆమె నాకు అక్క అయింది. అక్క మొగుడు బావగారు కాక తప్పలేదు. మొదటిరోజే, టీ గ్లాసు నా చేతిలో పెడుతూ అక్క తన తప్పు కూడా చెప్పేసింది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుందని తర్వాత తెలిసింది.

"ఇంతకీ మీ బావగారి ప్రాణాన్ని ఒకసారి నేను కాల్చేశాను, తెలుసా? అదిగో, ఆ ఇనుపపెట్టెని. పన్నెండేళ్లయింది. ముట్టుకోవద్దన్నది ముట్టుకున్నాను. ఇల్లంతా వాసన. ఇంకెవరైనా అయితే నన్ను ఇంట్లోంచి గెంటేవాళ్లు. ఈయన ఒక్క మాట అని ఊరుకున్నాడు."

నవ్వుతూనే చెప్పింది. ఆయన రికార్డు దుమ్ము తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్లాను. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆయన వినే వేళ. ఆ ఇంట్లో ఆ రెండు గంటలకు ఒక చట్టం ఉండేది. కుక్కరు పెట్టకూడదు. ఫ్యాను వెయ్యకూడదు. కుళాయి తిప్పకూడదు. చట్టం ఎప్పుడు పుట్టిందో అక్క ఒకసారి వరసగా చెప్పింది. పెళ్లయిన కొత్తలో ఆమె మిషను ముందుగదిలోనే, కిటికీ పక్కన ఉండేది. దానికి ఒక చిన్న మోటారు ఉండేది. మోటారు తిరిగినప్పుడల్లా స్పీకర్లో కరకరమని, ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు చప్పుడొచ్చేది. ఒకరోజు ఆయన మోటారు విప్పి అటక మీద పెట్టాడు. అప్పటినుంచి ఆమె కాలితో తొక్కుతోంది. పెట్టె కాలిపోయాక, మిషనునే కిందికి దింపేసుకుంది.

"ఆయన దింపమన్నాడా అక్కా?"

"ఛ, ఆయనెందుకంటాడు? నాకే సిగ్గేసింది. ఆయన ప్రాణంలాంటిది పాడుచేసి, ఆయన ఎదురుగా టకటకలాడిస్తూ కూర్చోనా? కిందే నయం. ఎండాకాలం కాస్త ఉడుకుతుందిగానీ."

మూడో నెలలో అనుకుంటాను, ఒక ఆదివారం రికార్డు అయిపోయింది. ముల్లు చివరి గాడిలో తిరుగుతోంది. ఆయన అలవాటుగా నిట్టూర్చాడు. "కింది స్వరాలు పోయాయి. పాత ట్రాన్స్‌ఫార్మరు ఉన్నప్పుడు వినాల్సింది మీరు." ఈ మాట ప్రతి ఆదివారం అనేవాడు. కాలిపోయినదాన్ని ఫ్యాన్లకు తీగ చుట్టే మనిషి చేత మళ్లీ చుట్టించారని, అది మునుపటిలా లేదని నాకు తెలుసు. అక్క గదిలో ఉన్నప్పుడైతే నిట్టూర్పు ఇంకాస్త పొడవుగా ఉండేది. ఆవేళ ఆమె లేదు. కిందినుంచి తొక్కుడు చప్పుడు వస్తోంది. తొక్కడం, ఆగడం, మళ్లీ తొక్కడం. ఈమధ్య ఆగడమే ఎక్కువ.

"బావగారూ, నిజంగా అంత తేడా ఉందా?"

ఆయన వంగి ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు.

"లేదు" అన్నాడు.

"అంటే?"

"తేడా లేదు. వెతికాను. తెలిసిన రికార్డులన్నీ వేసి, చెవి పెట్టి, పన్నెండేళ్లు వెతికాను. ఆ ఫ్యాన్లవాడు బాగానే చుట్టాడు."

ఆ మాట తర్వాత మిగతాది కూడా వచ్చేసింది, కుట్టులో ఒక దారం తెగితే వరస మొత్తం ఊడివచ్చినట్టు.

అక్క తమ్ముడొకడు, ఆమె సొంత తమ్ముడు, ఒకప్పుడు వచ్చి నాలుగు రోజులు ఉన్నాడట. బావగారు హాల్లో ఉన్న సమయంలో ఆంప్లిఫయరు పెట్టి, గొంతు పూర్తిగా పెంచి, మేడంతా వినిపించేలా పాటలు వేశాడట. పక్కింటివాళ్లు చెబితే తెలిసింది. బావగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ బావమరిదిని ఏమనగలడు? అనకుండా ఒక ఉపాయం చేశాడు. పెట్టె వెనకనుంచి స్పీకరుకు వెళ్లే తీగ మధ్యలో ఒక చిన్న ముక్క ఉంది. రోజూ పనికి వెళ్లేముందు దాన్ని విప్పి, చుట్టి, చొక్కా జేబులో వేసుకుపోవడం మొదలుపెట్టాడు. ముందునుంచి చూస్తే అంతా మామూలే. స్విచ్చి వేస్తే వాల్వులు వెలుగుతాయి, రికార్డు తిరుగుతుంది, పాట మాత్రం రాదు.

"ఆ పని చెయ్యకూడదు" అన్నాడు. "వాల్వుల ఆంప్లిఫయరుకి స్పీకరు తగిలించకుండా పాట వెయ్యకూడదు. బలం బయటికి పోయే దారి లేకపోతే లోపలే తిరగబడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు చిట్లిపోతుంది. నాకు తెలుసు. హాల్లో కొత్తగా చేరినవాడికి మొదటిరోజు నేను చెప్పే మాటే అది. ఇంట్లో చెప్పలేదు. ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాను. బావమరిది వెళ్లిపోయాడు, నా అలవాటు మాత్రం పోలేదు. తాళంచెవి జేబులో ఉన్నట్టుండేది."

ఒక మధ్యాహ్నం అక్కకు నడుం పట్టేసింది. కుట్టుపని లేదు. ఇంట్లో ఒక్కతే. ఆయన రోజూ చేసేదంతా చూసి చూసి నేర్చుకున్నదే కాబట్టి, స్విచ్చి వేసింది, వాల్వులు నారింజరంగుకు తిరిగేదాకా ఆగింది, ముల్లు దించింది. స్పీకరు పలకలేదు. కానీ పాట వినిపించింది.

"పెట్టెలోంచి, మాస్టారూ. ట్రాన్స్‌ఫార్మరు రేకులే సన్నగా పాడతాయి అప్పుడు. చీమంత గొంతు. ఇనుము లోపల ఎవరో చిక్కుకుని పాడుతున్నట్టుంటుంది. ఆవిడ చెవి దానికి ఆనించి కూర్చుందట. ఇంకాస్త పెంచితే ఇంకాస్త వినిపిస్తుందేమో అనుకుందట. పెంచింది. ఇంకా పెంచింది."

సాయంత్రం ఆయన తలుపు తీసేసరికి కాలిన వార్నీషు వాసన. ఆమె నేలమీద కూర్చుని ఏడుస్తోంది. పాట లోపలినుంచి వచ్చిందండీ, అంది. మీరు ఇన్నేళ్లు ఏం వింటున్నారో ఒక్కసారి విందామనుకున్నానండీ, అంది.

"నేనేమన్నానో తెలుసా? 'నిన్నెవరు ముట్టుకోమన్నారు?' అన్నాను. తీగ జేబులోనే ఉంది. తేలు కుట్టిన దొంగలా లోపలికెళ్లాను. ఆవిడ పడుకున్నాక తెచ్చి తగిలించేశాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు లేచేసరికి ఆవిడ మిషను కిందికి దింపించేసింది."

"అప్పుడైనా చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. ఆవిడ అంత మెత్తబడి ఉంటే నాకు సుఖంగా ఉండేది. అదీ నిజమే. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది."

కింద తొక్కుడు ఆగింది. ఇద్దరం వింటూ కూర్చున్నాం. ఎంతసేపటికీ మళ్లీ మొదలుకాలేదు. తర్వాత మెట్ల మీద ఒక్కొక్క అడుగు. రెండు కాళ్లూ ఒకే మెట్టుమీదికి చేరేదాకా ఆగే అడుగు.

"ఇప్పుడు చెబితే ఈ ఇంట్లో నాకేం మిగులుతుంది?" అని గబగబా అడిగాడు, ఆమె వచ్చేలోపు నేను జవాబు చెప్పేస్తానన్నట్టు.

అంతలో అక్క వచ్చి, "ఏమిటి, పాట లేదు, మాట లేదు? ఎవరైనా పోయారా?" అంది.

పదిహేను రోజుల తర్వాత వెళ్లాను. అక్క ఆవేళ పైనే ఉంది, బల్ల మీద కాలు చాపుకుని. మోకాలికి పట్టీ. రోజుకు ఒక్కసారి మించి మెట్లెక్కితే ఇక పూర్తిగా కూర్చోవలసిందేనని డాక్టరు చెప్పాడట. బావగారు కుర్చీలో ఉన్నాడు. రికార్డు తిరుగుతోంది, మొదటిరోజు నేను మెట్ల మీద విన్న వయొలినే. పాట మధ్యలో మాట్లాడటం ఆ ఇంట్లో అప్పటిదాకా వినలేదు. అక్క మాట్లాడింది.

"ఏమండీ, ఒక మాట."

ఆయన చెయ్యెత్తలేదు.

"మిషను పైకి తెచ్చుకోనా? ఆ మూలన, స్నానాలగది పక్కన పెట్టుకుంటాను. మీరు వినేటప్పుడు ముట్టనులెండి. ఒకసారి కాల్చిన చెయ్యి, బుద్ధి రాలేదంటారా? తమ్ముడు సాక్షి."

వేళాకోళంగానే అంది. కానీ అడుగుతోంది. అరవై ఏళ్ల మనిషి, ఆ ఇంటి అద్దె సగం ఏళ్ల తరబడి కాళ్లతో తొక్కి కట్టిన మనిషి, స్నానాలగది పక్కన మూరెడు చోటు అడుగుతోంది.

ఆయన లేచి ముల్లు ఎత్తాడు. "అది నువ్వు కాల్చలేదు" అన్నాడు.

"ఆఁ?"

"నువ్వు కాదు. నేను."

"ఏమిటండీ మీరు, తమ్ముడి ముందు? పోనీలెండి, జాలి పడకండి. మూలన చాలు నాకు."

ఆయన పెట్టె వెనక్కి వెళ్లాడు. స్విచ్చి ఆపాడు. అంత భయంలోనూ ముందు స్విచ్చి ఆపడం మరచిపోలేదు. వాల్వుల్లో నారింజరంగు ఎర్రబడి, దారమై, ఆరిపోయేదాకా ఆగి, మరలు విప్పి ఆ తీగముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నిలబడే చెప్పాడు. నాకు చెప్పినంత బాగా చెప్పలేకపోయాడు. మధ్యలో వరస తప్పింది, బావమరిది సంగతి ముందుకొచ్చింది, జేబు సంగతి చివరికి పోయింది. కానీ ఏదీ దాచలేదు.

అక్క ఆ తీగను చేతి వేళ్ల మీద పరిచి కొలిచింది. అది ఆమె చేతులకు అలవాటు.

"జానెడైనా లేదు" అంది.



"నేను నేలమీద కూర్చుని ఏడుస్తున్నప్పుడు ఇది ఎక్కడుంది?"

"జేబులో."

"ఏ చొక్కా?"

ఆయనకు అర్థం కాలేదు. "ఏ చొక్కా అండీ?" అని మళ్లీ అడిగింది.

"గళ్లది. నీలం గళ్లది."

"దానికి జేబు లేదు మొదట్లో. మీరు అడిగితే నేనే కుట్టి పెట్టాను." ఆమె తీగను బల్ల మీద పెట్టింది. "లోపల రెండో వరస కూడా వేశాను, ఏం పెట్టుకున్నా జారిపోకూడదని."

లేచి, గోడ పట్టుకుని, మెట్ల వైపు వెళ్లింది. ఆయన వెనకాలే రెండడుగులు వేశాడు. "మోకాలు..." అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. ఆమె దిగిన ప్రతి మెట్టూ మాకు వినిపించింది.

మర్నాడు వీధి చివరి ఇస్త్రీ మనిషి, అతని తోడల్లుడు కలిసి మిషను పైకి మోసుకొచ్చారట. అటక మీది మోటారు దించి, తుడిచి, బిగించింది కూడా వాళ్లేనట. ఆయన సాయం పడతానంటే అక్క ఇస్త్రీ మనిషితో, "తమ్ముడూ, కాస్త అడ్డం లేకుండా చూడు" అందట. ఎవరి అడ్డమో చెప్పలేదట.

చివరిసారి నేను వెళ్లింది ఆ తర్వాతి నెలలో. ఆదివారం, పదిగంటల వేళ. మెట్ల మీదికి పాట రాలేదు, మోటారు చప్పుడే వచ్చింది, బారుగా, ఒకే శ్రుతిలో. తలుపు బార్లా తెరిచి ఉంది. మిషను స్నానాలగది మూలన లేదు. కిటికీ పక్కన, బాగా వెలుతురు వచ్చే చోట, ఇన్నేళ్లూ చేతుల కుర్చీ ఉన్న చోట ఉంది. అక్క తల వంచి పిల్లల యూనిఫారాలు కుడుతోంది. ఇద్దరు ఆడవాళ్లు కొలతలకు వచ్చి, చెక్కపెట్టెకు ఆనుకుని నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. స్పీకరు మీద తెల్ల గుడ్డల కట్ట.

"రా తమ్ముడూ, కూర్చో. టీ పెట్టుకోవాలి మరి, నాకు తీరిక లేదు" అంది. ముఖంలో కోపం లేదు. చాలా రోజుల తర్వాత వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్న మనిషిలా ఉంది.

కుర్చీ స్నానాలగది తలుపు పక్కకు వచ్చింది. అందులో ఆయన. ఆంప్లిఫయరు వేసే ఉంది, నాలుగు వాల్వులూ వెలుగుతున్నాయి, రికార్డు తిరుగుతోంది. వయొలిన్ ఉందో లేదో తెలియదు. మోటారు తిరిగినప్పుడల్లా స్పీకర్లోంచి కరకరమని ఎండుటాకుల చప్పుడు. ఆమె దారం తెంపడానికి ఆగిన రెండు క్షణాల్లో కమాను కొన ఒకటి వినిపించి, మళ్లీ ఆకుల కింద పడిపోతోంది.

వంగి ఆయన చెవిలో అన్నాను, "బావగారూ, కనీసం ఒక గంట ఆపమని అడక్కపోయారా?"

"ఎవర్ని?" అన్నాడు. "నాతో మాట్లాడితే కదా, అడగడానికి. అన్నం పెడుతుంది. మందు ఏ వేళకి వేసుకోవాలో చీటీ రాసి పెడుతుంది. మాట లేదు. ఇరవై ఆరు రోజులు."

"పోనీ, మీరు ఆపెయ్యండి రికార్డు. ఈ చప్పుడులో ఏం వింటారు?"

"వేళ తొమ్మిది నుంచి పదకొండు కదా" అన్నాడు, అదే జవాబన్నట్టు.

కాసేపు కూర్చున్నాను. ఆయన మెడ ముందుకు చాచి వింటున్నాడు. వయొలినో, మోటారో, ఆడవాళ్ల కబుర్లో, ఏది వింటున్నాడో చెప్పలేను. ఆయన ఆ నాలుగింటిలో పెట్టుకున్న మా లైబ్రరీ వాల్వు ఏదో గుర్తుపట్టలేకపోయాను. సెలవు తీసుకుంటానని లేచాను. అక్క తల ఊపింది, నోట్లో సూది ఉంది. బావగారు గుమ్మం దాకా వచ్చాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, మోటారు మీదుగా నాకు వినిపించాలని కాస్త గట్టిగా అన్నాడు:

"వెళ్తూ ఆ తలుపు చేరవేసి వెళ్లండి మాస్టారూ. గాలికి దారం చిక్కుపడుతుందట. నిన్న ఆవిడ ఎవరితోనో అంటుంటే విన్నాను. నాతో అనలేదు."